పెనాంగు రేవులో తెల్ల చీటీ

ఎర్ర చీటీ అయితే కొండ మీదికి పోయే రైలు, పచ్చ చీటీ అయితే తాబేళ్ళున్న చీనా గుడి, పసుపు చీటీ అయితే పాముల గుడి, తెల్ల చీటీ అయితే కోతుల తోట, ఇంతే కదా, నాలుగే కదా, నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడానికి ఈ వణుకు దేనికి, వంకాయలు ఏరుకున్నట్టు ఏరుకోవచ్చు, పక్క చాప మీది మరిడమ్మ అప్పుడే పచ్చ చీటీ తీసుకుని రవికలో దోపుకుంది, ఆ సుప్పయ్య అనే అతను వేళ్ళ సందుల్లో నాలుగు రంగుల కాగితాలు ఇరికించుకుని డెక్కు మీద పడుకున్నవాళ్ళ కాళ్ళు దాటుకుంటూ తిరుగుతున్నాడు, ఓడ ఇంకా గట్టుకు ఆననే లేదు, తాళ్ళు విసురుతున్నారు, పెనాంగు వచ్చే ప్రతి ఓడకీ ఇతను చిన్న పడవలో ఎదురొచ్చి ముందే ఎక్కేస్తాడట, ఊరు చూపించడం ఇతని పని, ఓడ ఏడు గంటలు ఆగుతుంది, తొమ్మిదికి దిగాలి, నాలుగుకి ఎక్కాలి, ఎవరికి వారు దిగి తిరగడానికి లేదు, ఏ రంగు వాళ్ళు ఆ రంగు గుంపుతోనే, గుంపుకొక జాబితా, జాబితాలో పేరు, పేరు పక్కన గుర్తింపు కార్డు మీది ఐసీ నంబరు, మెర్దెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చి ఆరు నెలలైంది, జెండా మారింది, అడవిలోని కమ్యూనిస్టుల మీద పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం పోలేదు, జాబితా లేకుండా మనల్ని ఎవరూ ఎటూ కదలనివ్వరు, పాట్టీ, సీక్కిరం సొల్లు లా, అవ్వా, తొందరగా చెప్పు, ఏ రంగు, అంటూ నా ముందు వంగాడు, నేను అతని వేళ్ళనే చూస్తున్నాను, చిటికెన వేలి పక్కన ఉంది తెల్లది, మిగతావన్నీ పలచబడ్డాయి, అదొక్కటే ఇంకా మందంగా ఉంది, కోతుల కోసం ఎవరు దిగుతారు, కాని అది తీసుకుంటే నేను దేవకిని చూస్తాను, దేవకి నా కూతురు, చూసి ఆరేళ్ళయింది, ఈ సాయంత్రం ఓడ నాగపట్నం వైపు తిరిగిందంటే ఇక ఈ జన్మలో చూడను, మలయా గడ్డ మీద మాకిదే చివరి రేవు, ఎస్టేటును ముక్కలు చేసి అమ్మేశారు, కొడుకు గుమాస్తా పని పోయింది, నన్నూ కోడలినీ తీసుకుని వాడు ఊరికి వెళ్ళిపోతున్నాడు, మా ఊరంటే నాకు పదహారేళ్ళప్పుడు విడిచిన ఊరు, నా కొడుకును అడిగి చెబుతాను అన్నాను సుప్పయ్యతో, అరవై ఏళ్ళ దాన్ని, కోతుల్ని చూడటానికి కొడుకును అడగాలన్నట్టు, అతను నవ్వి పక్కకు పోయాడు.

రత్నావతి, నా కోడలు, రాత్రే నిశ్చయించేసుకుంది, అత్తా, కొండ మీద సల్లగుంటాదట, దొరల బంగళాలున్నాయట, రైల్ని తాడు కట్టి లాగుతారట, ఎడ్లని కాదు అత్తా, మిషనుతోటి, అని నవ్వింది, పాపం అది పుట్టి ఇన్నేళ్ళలో మా ఎస్టేటున్న బాగన్ దాతుక్ దాటి ఇపో దాకా రెండుసార్లు వెళ్ళింది, అంతే, కొబ్బరి చెట్లు తప్ప ఏం చూసింది, వెళ్ళాలి, చూడాలి, నేనెందుకు కాదంటాను, కాని తాడు తెగితే, తాడు తెగితే ఏమవుతుందని ఎవరైనా అడిగారా, నేను అడిగితే నవ్వుతారు, రైలంటేనే నాకు ఒళ్ళు చల్లబడుతుంది, జపాను వాళ్ళ కాలంలో మా ఆయన్ని తీసుకుపోయింది రైలు పట్టాలు వేయడానికే కదా, సయాంలో మూడు నెలల పని అన్నారు, కొత్త చొక్కా ఇస్తామన్నారు, మిట్టమధ్యాహ్నం లారీ ఎక్కించారు, చేతిలో ఉడకబెట్టిన కర్రపెండలం పొట్లం, ఆయన దాన్ని తినకుండా నా వైపే చూస్తూ ఉండిపోయాడు, నేను గట్టు మీద నిలబడి దుమ్ము అణిగేదాకా చూశాను, దుమ్ము అణిగాక కూడా చూశాను, పక్కన కొడుకు రామదాసు నా చెయ్యి పట్టి లాగాడు, అప్పటికే మీసాలొచ్చిన వాడు, రా అమ్మా, లోపలికి రా, అని, దేవకికి తొమ్మిదేళ్ళు, నాన్న ఎన్ని రోజులకొస్తాడు అని వేళ్ళు మడుస్తూ కూర్చుంది, మూడు నెలలకి ఎన్ని వేళ్ళు కావాలమ్మా అని అడిగింది, మనుషులు నా కళ్ళముందు నుంచి వెళ్ళిపోతూనే ఉంటారు, నేను నిలబడే ఉంటాను, అది నా జాతకం అనుకునేదాన్ని, అలా అనుకుంటే కొంచెం ఊరటగా కూడా ఉండేది, ఎర్ర చీటీ వద్దు, నాకు రైలు వద్దు, అమ్మా నువ్వు పాముల గుడికి మాత్రం రాకు, జడుసుకుంటావు, అన్నాడు రామదాసు పొద్దున మొహం తుడుచుకుంటూ, అగరు పొగకి మత్తెక్కి పడుంటాయట పాములు, దండెం మీద గుడ్డల్లా వేలాడతాయట, నేను జడుసుకోను నాయనా, కొబ్బరి పీచు గుట్టల కింద ఎన్ని చూడలేదు, నేను జడుసుకునేది పాములకి కాదు.

పచ్చ చీటీ తీస్తే మరిడమ్మతో కలిసి తాబేళ్ళకు ఆకులు వేసి రావచ్చు, నోరు ఊరుకోని మనిషి, ఓలప్పా, తాబేలుకి ఆకేస్తే ఆయుసు పెరుగుతాదట, నీకూ నాకూ ఇంకా ఎందుకే ఆయుసు, అయినా ఏసొద్దాం రా, అంటుంది, ఈ ప్రయాణం ఆవిడకు మూడోది, అన్ని రేవులూ తెలుసు, తెల్లవారేసరికి డెక్కు కమ్మీ పట్టుకుని దక్షిణం వైపు చెయ్యి చాపి, అదుగో అటేపున్నాది మనల్ని తొలీత దింపిన దీవి, ఇక్కడికి కనబడదు, అంది, కనబడకపోయినా నేను చూశాను, నలభై నాలుగేళ్ళ కింద మమ్మల్ని పట్నం తీసుకురాకుండా ముందు ఆ దీవి మీద దింపారు, రోగాలున్నాయేమో అని వారం రోజులు ఉంచారు, బట్టలన్నీ ఆవిరిలో వేశారు, వాళ్ళు పెట్టే అన్నం సున్నం వాసన వేసేది, ఆయన తిన్నాడు, నేను తినలేకపోయాను, అప్పుడు నా చీర చెంగులో అమ్మ కట్టిన బియ్యం ఉంది, పసుపు కలిపిన బియ్యం, ఐదు దోసిళ్ళు, కూతురు ఇల్లు దాటేటప్పుడు తల్లి ఒడిలో పోసే బియ్యం, దాన్నే రోజూ గుప్పెడు చొప్పున డబ్బాలో వండుకుని తిన్నాను, పచ్చటి అన్నం, ఆ వారం నన్ను బతికించింది ఆ ఐదు దోసిళ్ళే, అమ్మ రేవుకూ రాలేదు, స్టేషనుకూ రాలేదు, ఒడిలో బియ్యం పోసి చెంగు ముడివేసి వెంటనే రోలు దగ్గరికి వెళ్ళి నాకు వీపు పెట్టి దంచడం మొదలుపెట్టింది, నేను వీధి చివరికి పోయేదాకా ఆ దంపు చప్పుడు ఆగలేదు, అమ్మ నన్ను చూడకుండా పంపించింది కాని ఒట్టి ఒడితో పంపించలేదు, అదే నాకు తెలిసిన శాస్త్రం, తల్లి అన్నది చెయ్యవలసింది అదొక్కటే అని నాకు అప్పటినుంచీ పట్టుకుపోయింది, దేవకి పెళ్ళినాటికి కూడా అదే పట్టుకుని ఉన్నాను, అప్పుడు దేశం ఎలా ఉందో, చుట్టూ ఏముందో నాకు కనబడలేదా, కనబడింది, ముళ్ళకంచె కనబడక ఎలా ఉంటుంది.

మేముండే కూలీ ఇళ్ళ లైన్ల చుట్టూ రెండు వరసల కంచె వేశారు, ఒకటే గేటు, అడవిలో ఉన్నవాళ్ళకు తిండి అందకూడదని గేటు దాటి గింజ పోకూడదన్నారు, పనికి పోయేవాళ్ళ టిఫిను డబ్బాలు కూడా విప్పి చూసేవారు, ఆ ఆజ్ఞ తెలుగులో రాయించి కొట్టు గోడకు అంటించారు, దాన్ని చదివి అందరికీ వినిపించింది నేనే, అదీ తమాషా, లైన్లలో ఆడవాళ్ళలో చదువొచ్చినదాన్ని నేనొక్కర్తినే, రామదాసు బడికి పోయే రోజుల్లో వాడి పలక మీద చూసి నేర్చుకున్నాను, బెల్లం కట్టిచ్చిన కాగితాలూ గోడకు అంటించిన పాత పేపర్లూ తలకిందులుగా ఉన్నా మెడ వంచి చదివేదాన్ని, దేవకికి నేనే నేర్పాను, బియ్యము, పిండి, ఉప్పు చేపలు, మందులు, అని గొంతెత్తి చదివాను, అయినా నా మనసులో ఒడిలో పోసే బియ్యం ఆ బియ్యంలోకి రాలేదు, అది తిండి కాదు, దీవెన, దీవెనను ఎవరు ఆపుతారు, ఐదు దోసిళ్ళు కుదరలేదు, రేషను కదా, నా పూట బియ్యంలోంచి నెల రోజులు మిగిల్చి ఐదు గుప్పెళ్ళు చేశాను, పసుపు కలిపాను, పసుపు గుడ్డలో మూటకట్టి చీర కుచ్చెళ్ళ లోపల నడుముకు బిగించి కట్టాను, దేవకి అంది, అమ్మా, గేటు కాడ సూస్తారు కదే, నేనన్నాను, ఇది సూసేది కాదులే, ఊరుకో, ఒట్టి ఒడితో ఎల్లకూడదు, అది ఊరుకుంది, నా మాట మీద ఊరుకుంది, పెళ్ళి ముందురోజు రామాలయంలో అయింది, తెల్లారి పెళ్ళికొడుకు వాళ్ళూ మేమూ యాభై అరవై మందిమి గేటు దగ్గరికి నడిచాం, సన్నాయి కూడా ఉంది, ఆడవాళ్ళను తడిమి చూసేది కన్నియమ్మ, రోజూ చూసే మనిషే, దేవకి నడుము దగ్గర ఆమె చెయ్యి ఆగింది, మొహంలోకి చూసింది, పసుపు రాసిన మొహం, బుగ్గన చుక్క, చెయ్యి తీసేసేది, నాకు తెలుసు తీసేసేది, కాని ఆ రోజే ఎక్కడినుంచో తెల్ల ఇనస్పెక్టరు వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు, ఏమిటది అన్నాడు, కన్నియమ్మ మూట బయటికి తీసింది, విప్పింది, పసుపు గుడ్డ మీద పచ్చటి బియ్యం, సన్నాయి ఆగిపోయింది, దొర ఇంగ్లీషులో ఏదో అడిగాడు, గేటు దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డ గుమాస్తా మా రామదాసే, దొర మాటను వాడే తెలుగులో చెప్పాలి, ఈ బియ్యం నీకెవులిచ్చినారని అడుగుతున్నాడు, అన్నాడు చెల్లెలితో, తల ఎత్తకుండా, నేను పెళ్ళికొడుకు తల్లి పక్కన ఉన్నాను, నాలుగడుగుల దూరం, నోట్లో నాలుక ఉంది, నా కాళ్ళ కింద నేల కూడా ఉంది, దేవకి నా వైపు చూడలేదు, దొర వైపే చూసి, ఎవులూ ఇవ్వనేదు, నానే కట్టుకున్నాను, అంది, రామదాసు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ తరువాత లారీ, పెళ్ళిచీరతో ఎక్కింది, పద్దెనిమిది నెలలు వేశారు, పెళ్ళికొడుకు తండ్రి జైలు పాలైన పిల్ల మాకొద్దన్నాడు, ఏడాది తిరక్కుండా ఆ అబ్బాయికి వేరే పెళ్ళి చేశారు, విడిచాక దేవకి ఎస్టేటుకు రాలేదు, రామదాసు దాని పేరు ఇంట్లో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, వాడికి కోపం అనుకున్నాను, పనిలో తలవంపులు తెచ్చిందని కోపం, లైన్లలో ఆడవాళ్ళు కుళాయి దగ్గర నన్ను చూసి, పిల్లకేటి తెల్సు పాపాయమ్మా, సిన్నతనం, అనేవారు, అవునమ్మా సిన్నతనం, అనేదాన్ని, బిందె నిండేదాకా తల వంచుకుని, నా మీద ఎవరికీ అనుమానం లేదు, ఎవరికీ తెలియదు, తెలిస్తే నన్ను పట్టుకుపోయేవారు, నన్ను పట్టుకుపోతే రామదాసు పని పోయేది, మేమంతా వీధిన పడేవాళ్ళం, ఇలా ఎన్నిసార్లు చెప్పుకున్నానో, జపమాల తిప్పినట్టు, రెండేళ్ళ కింద ఒక కార్డు వచ్చింది, పోస్టు సంచి విప్పేది రామదాసే, నీకేదో కార్డమ్మా, అని బోర్లా తిప్పి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు, చదవలేదనుకున్నాను, అక్షరాలు చూడగానే తెలిసింది, నేను నేర్పిన అక్షరాలు, నాలాగే ళకారం తోక పొడుగ్గా లాగుతుంది, పెనాంగులో ఉన్నాను, నాతో జైల్లో ఉన్న వళ్ళియమ్మై అక్క ఇంట్లో ఉంటున్నాను, జలపాతం దగ్గర పెద్ద తోట గేటు పక్కన కూర్చుని కోతులకు వేసే వేరుశనగలు అమ్ముతున్నాను, బాగున్నాను, ఇంతే, నువ్వెలా ఉన్నావని లేదు, రమ్మని లేదు, రావద్దని లేదు, వెనక్కి తిప్పి చూశాను, అంచుల మీద చూశాను, దీపం ముందు పెట్టి కూడా చూశాను పిచ్చిదానిలా, జవాబు రాయడానికి రెండుసార్లు కాగితం తీశాను, దేవకీ అని రాశాక ఏం రాయాలో తోచలేదు, క్షమించు అని రాస్తే దేనికి క్షమించాలో రాయాలి, రాస్తే ఎవరైనా చదువుతారు, ఎమర్జెన్సీలో ఉత్తరాలు విప్పి చదువుతారంటారు, మళ్ళీ అదే భయం, మళ్ళీ అదే నాలుక, ఇప్పుడు ఎదురుగా ఆ తోట, నాలుగు మైళ్ళు, బస్సు నంబరు కూడా సుప్పయ్య వంగినప్పుడు చీటీ మీద చదివాను, వెళ్ళి ఏమంటాను, ఒక పొట్లం శనగలు ఇయ్యమ్మా అంటానా, అది తలెత్తి చూసి ఎవరమ్మా నువ్వు అంటే.

మనసు ఆగక మరిడమ్మతో అన్నాను, ఓడ గట్టుకు ఆని కుదుపు వచ్చింది, ఆవిడ తమలపాకుకు సున్నం రాస్తోంది, మా ఎస్టేటులో ఒకామె ఉండేదే, దాని కూతురి పెళ్ళిలో ఇలాగయినాది, అని మొదలుపెట్టాను, పరాయి వాళ్ళ కథలా చెప్పడం ఎంత సుళువు, ఒడిలో బియ్యం గేటు కాడ దొరికినాయి, నానే కట్టుకున్నానని ఆ గుంటే సెప్పినాదట, లారీ ఎక్కించినారట, అన్నాను, మరిడమ్మ ఆకు మడత ఆపి నన్ను చూసింది, ఓలమ్మ, ఓలమ్మ, ఏటప్పా అది, పెళ్ళికూతురు తన ఒడిలో తానే బియ్యం కట్టుకోడం ఎక్కడైనా సూసినావేటి, కట్టేది తల్లి కదా, తెల్లోడికి తెల్దు సరే, అక్కడ మనోళ్ళు నేరేటి, ఉన్నారే, యాభై అరవై మంది, అన్నాను, మరింకేటి, అందరికీ తెలిసే ఊరుకున్నారన్నమాట, తల్లి కట్టినాదని సంటిపిల్లకైనా తెలుస్తాది, అది సరే గాని ఆ తల్లి ఏటి సేసినాది, అంది, నిలబడ్డాది, అన్నాను, నిలబడ్డాదా, అంది మరిడమ్మ, ఇంకేదో అనబోయి నా మొహం చూసి ఆకు నోట్లో పెట్టేసుకుంది, అటు తిరిగి నములుతూ కూర్చుంది.

అందరికీ తెలుసు, అందరికీ, కుళాయి దగ్గర సిన్నతనం అన్న ప్రతి మనిషికీ తెలుసు, తెలిసే అన్నారు, నాకు దారి విడిచారు, పెళ్ళికొడుకు తల్లికి తెలుసు, సన్నాయి వాయించిన వాడికి తెలుసు, తమిళ మనిషి కన్నియమ్మకు తెలుసు, వాళ్ళకూ తల్లే కదా ఒడి నింపేది, ఇన్నాళ్ళూ నేను దాచిన మూట అందరి ముందూ విప్పి పరిచి ఉన్నదే, దొర చేతిలో ఉన్నట్టే ఉంది, నేనొక్కదాన్నే దానిమీద చెంగు కప్పి కూర్చున్నాను, అత్తా, ఇదుగో నీ సీటీ, అంటూ రత్నావతి ఎర్ర కాగితం నా ఒళ్ళో పడేసింది, నీ పేరు కూడా రాయించేసినాను, లే, కొంగు సరిగ్గా కప్పుకో, కొండ మీద గాలి, అంది, నేను లేచాను, కమ్మీ పట్టుకుని, తాళ్ళచుట్టలు దాటుకుని, మెట్ల దగ్గర సుప్పయ్య వేసుకున్న బల్ల దాకా నడిచాను, జనం వరసకట్టి ఉన్నారు, నాకు తెల్లది కావాలి అన్నాను, ఐయో పాట్టీ, ఎర్ర లిస్టులో రాసాచ్చు లా, రాసేశాను, మళ్ళీ కొట్టేయాలంటే మీ ఇంటి మనిషి వచ్చి చెప్పాలి, అన్నాడు, రామదాసు వచ్చాడు, నెత్తిన టోపీ, జేబులో పెన్ను, ఏటమ్మా, అన్నాడు, నాను కోతుల తోటకెల్తాను రా, అన్నాను, ఏటత్తా నువ్వు, మనింట్లో కోతులు సాలవా, అని వెనకనుంచి రత్నావతి నవ్వింది, రామదాసు నవ్వలేదు, వాడి మొహం గేటు దగ్గరి మొహంలా కిందికి వాలిపోయింది, కార్డులో రమ్మని రాయనేదు కదమ్మా, అన్నాడు మెల్లగా, చదివాడు, చదివే బోర్లా తిప్పి ఇచ్చాడు, రెండేళ్ళు వాడూ మోశాడు, ఇక నాకు ఆగలేదు, వరసలో ఉన్నవాళ్ళంతా వినేటట్టు, ఆజ్ఞ చదివిన గొంతుతోనే, రామదాసూ, దేవకి ఒడిలో ఆ బియ్యం కట్టింది నాను రా, నాను కట్టినాను, అన్నాను, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఎవరూ నన్ను పట్టుకోలేదు, మెట్ల పక్క నిలబడ్డ పోలీసు ఆవులించాడు, రామదాసు నా చెయ్యి పట్టుకున్నాడు, నాకెరికే అమ్మా, తల్లి కాక ఎవులు కడతారు, నాకెరికుండే, అది కట్టుకున్నాదని ఆ దొరకి ఇంగ్లీసులో సెప్పినోణ్ణి నానే కదా, అన్నాడు, నేనీ మాట ఎన్నడూ తలవలేదు, వాడిది కోపం అనుకున్నాను, కోపం కాదు, సిగ్గు, ఒక ఇంట్లో ఆరేళ్ళు ఇద్దరం ఒకే సిగ్గుతో అన్నం తిన్నాం, ఒకరికొకరం వడ్డించుకున్నాం.

వాడు సుప్పయ్య చేతిలోంచి తెల్ల జాబితా తీసుకుని, జేబులోంచి తన పెన్ను తీసి, గుండ్రటి గుమాస్తా అక్షరాలతో పాపాయమ్మ అని రాశాడు, నా ఐసీ నంబరు చూడకుండానే రాశాడు, రాశాక పెన్ను ఇంకో గీత మీద ఆగింది, ఆ గీత మీద తన పేరు రాస్తాడేమో అని చూశాను, అక్కడ చిన్న సిరా చుక్క పడింది, అంతే, పెన్ను మూత పెట్టేశాడు, నాను రాలేనమ్మా, రత్నావతి కొండ సూడాలని ఆశపడ్డాది, అన్నాడు, సరే నాయనా, అన్నాను, దాన్ని సూసుకో, కొండ మీద గాలి, రత్నావతి నవ్వడం మానేసి నా కొంగు సర్ది తల మీదికి లాగింది, అత్తా, మా వదినకి, అంది, అని ఆగి, ఏటి సెప్పాలో నాకూ తెల్దు, మేం అడిగినామని సెప్పు, అంది, నాలుక్కల్లా వచ్చెయ్, అమ్మా, అన్నాడు రామదాసు, నేను తల ఊపలేదు, వాడూ రెట్టించి అడగలేదు, తెల్ల గుంపులో ఆరుగురమే, ఒక ముసలి దంపతులు, చంకన బిడ్డతో ఒక పడుచు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు, నేను, సుప్పయ్య వేలితో లెక్కపెట్టి మెట్ల వైపు తోశాడు, పోంగ లా, మెల్ల, మెల్ల.

మెట్లు ఊగుతున్నాయి, పలకల సందుల్లోంచి కింద ఆకుపచ్చటి నీళ్ళు, ఎప్పుడూ ఇంతే, నేల దిగేటప్పుడే నాకు ఎక్కువ భయం, తాడు గట్టిగా పట్టుకున్నాను, ఏమంటాను దేవకితో, క్షమించమంటానా, ఎందుకు క్షమించాలి, అది తీర్పు చెప్పడానికి అక్కడ కూర్చోలేదు, శనగలమ్ముకోవడానికి కూర్చుంది, వద్దు పొమ్మంటే పోనీ, పొమ్మనే నోరు దానికి ఉంది, దాని దగ్గరికి పోయే కాళ్ళు నాకు ఉండాలి, అంతవరకే నా పని, ఇంకో మెట్టు, ఇంకో మెట్టు, నన్ను విడిచి పోయినవాళ్ళ పేర్లు ఇన్నేళ్ళూ నేను వరసగా చెప్పుకునేదాన్ని, అమ్మ, ఆయన, దేవకి, ముగ్గురినీ ఒక దారంతో గుచ్చి మెడలో వేసుకుని తిరిగాను, నిలబడ్డదాన్ని నేను, పోయింది వాళ్ళు, అని, అమ్మ సంగతి అబద్ధమే, అమ్మను విడిచి బయలుదేరింది నేను, ఆయన్ని లారీ తీసుకుపోయింది, ఆ రోజు నిలబడటం తప్ప నేను చెయ్యగలిగింది లేదు, కాని దేవకి, దాన్ని కూడా లారీయే తీసుకుపోయిందని ఆయన పక్కన చేర్చేశాను, రెండూ ఒకటేనని, రెండు లారీలు, ఒకే దుమ్ము, ఒకటి కాదు, దొర అడిగిన మాటకూ దేవకి చెప్పిన మాటకూ మధ్య కొంచెం ఖాళీ ఉంది, రామదాసు తల దించుకుని ఉన్నాడు, కన్నియమ్మ మూట పట్టుకుని ఉంది, అరవై మందీ నా నోటి వైపే చూసి ఉంటారు, కట్టిన తల్లి మాట్లాడుతుందని, ఆ ఖాళీ నాది, నా కోసమే ఉంచారు దాన్ని, ఆ ఖాళీలోంచి నేను లేచి వెళ్ళిపోయాను, ఒక్క అడుగు వెయ్యకుండా, పెళ్ళికొడుకు తల్లి పక్కన నిలబడే వెళ్ళిపోయాను, అప్పుడు అది ఆ చోటులోకి వచ్చి నిలబడింది, నేను ఖాళీ చేసిన చోటులో, ఆరేళ్ళనుంచి దేవకి ఇంటికి రాలేదు, రాలేదు, అనుకుంటూ గుమ్మంలో కూర్చున్నాను, అది ఎందుకు వస్తుంది, అది ఎక్కడికి వెళ్ళిందని, కాలికి నేల తగిలింది, కదలని నేల, ఎండకు వేడెక్కి ఉంది, వెళ్ళిపోయినదాన్ని నేను, తిరిగి రావలసినదాన్ని కూడా నేనే.